పాటకు కూలి, పరిగెకు చోటు

ధ్యాన భాగములు: లేవీయకాండము 19:9–10, ద్వితీయోపదేశకాండము 25:4, 2 సమూయేలు 24:18–25



కోతల దినములలో మన పల్లెలలో ఎవరును ప్రత్యేకముగా నేర్పనక్కరలేని ధర్మములు రెండు కలవు. కోసినవానికి కూలి కొలిచి ఈయవలెను. పనలు ఎత్తిన చేనిలోనికి పరిగె ఏరుకొనవచ్చిన బీదరాలిని తరుమరాదు. మొదటిది న్యాయము, రెండవది కనికరము. ఈ రెండును ఒక్క చేనిలోనే, ఒక్క దినముననే నెరవేరుచుండును. పరిగె ఏరునామె కూలివారి గింజలమీద చేయి వేయదు. చేనుగలవాడు నేలరాలిన వెన్నులకు లెక్క అడుగడు. ఎవరి హద్దులో వారు నిలిచినంతకాలము ఊరిలో తగవు లేదు.

ఈ నెల మేము మీ యెదుట ఉంచదలచిన ప్రశ్న చేనిని గూర్చినది కాదు, పాటను గూర్చినది. లాభాపేక్ష లేక, ఇష్టముకొలది చిన్న రేడియో నడుపుకొనువాడు తాను వినిపించు పాటలకు రుసుము చెల్లింపవలెనా? చెల్లింపవలసినయెడల ఏ కొలతచొప్పున? చెల్లింపలేనివాడు ఏమి చేయవలెను? అడుగువాని ధర్మమేమి? ఇది న్యాయవాదుల ప్రశ్న మాత్రమే కాదు. ఇతరుల కష్టార్జితమును మనము ఎట్లు చూచుచున్నామో పరీక్షించు ప్రశ్న.

ఇది పట్టణపు సంగతి, మనకేల అని కొందరు తలంపవచ్చును. కాని కూకట్‌పల్లి పేరు వినని గ్రామము నేడు అరుదు. 1998లో సైబర్ టవర్స్ తెరువబడినది మొదలు హైటెక్ సిటీ వైపున కంప్యూటరు కొలువులు పెరిగెను. ఆ కొలువులకు పోవు మన బిడ్డలలో అనేకులు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలోని హాస్టళ్లలోను అద్దె గదులలోను ఉందురు. అట్టి యౌవనస్థుని ఒకని మన మనస్సులో ఊహించుకొందము. పగలు ఉద్యోగము. రాత్రి భోజనమైన తరువాత కంప్యూటరు ముందు చిన్న మైకు పెట్టుకొని ఇంటర్నెట్టు ద్వారా రేడియో నడుపును. పాత కీర్తనలు, ఊరి పాటలు, ముప్పది నలువది యేండ్ల క్రిందటి సినిమా పాటలు వినిపించును. ఊరిలో తల్లియు, కువైటులో అక్కయు, అమెరికాలో స్నేహితుడును ఫోనులో విందురు. ప్రకటనలు లేవు. ఒక్క రూపాయి రాబడి లేదు. ఖర్చంతయు అతని జీతములోనిదే. దూరముననున్నవారిని ఒక పాటతో దగ్గరచేయవలెనను ఈ కోరికలో తప్పేమియు లేదు. అయితే ఆ పాట ఎవరిది?

చట్టము చెప్పునది

మొదట అతడు ఇంటర్నెట్టు త్రోవనే ఏల పట్టెనో తెలిసికొనవలెను. ఆకాశములోని తరంగములు ప్రజలందరి సొత్తని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో మన తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. దాని ఫలముగా కాలక్రమమున చిన్న రేడియోలకు త్రోవ తెరువబడెను. 2002లో విద్యాసంస్థలకును, 2006లో సేవాసంస్థలకును సముదాయ రేడియో నడుపుకొనుటకు ప్రభుత్వము అవకాశమిచ్చెను. కాని ఆ లైసెన్సు సంస్థలకే గాని ఒంటరి మనిషికి ఈయరు. హామ్ రేడియో లైసెన్సు వ్యక్తులకు దొరకును గాని, దానిమీద పాటలు వినిపించుట నిషేధము. కాబట్టి ఒంటరిగా ఇష్టముకొలది రేడియో నడుపగోరువానికి మిగిలినది ఇంటర్నెట్టే.

ఇక పాట సంగతి. మన దేశపు కాపీరైటు చట్టము 1957లో చేయబడి 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము ఒక పాటలో ఒక్క హక్కు కాదు, అనేక హక్కులు కలవు. మాటలు వ్రాసినవానిది ఒకటి, రాగము కట్టినవానిది ఒకటి, రికార్డు చేయించినవానిది మరియొకటి. వ్రాసినవాని హక్కు అతడు జీవించినంతకాలమును, మరణించిన తరువాత 60 సంవత్సరములును నిలుచును. రికార్డు హక్కు అది వెలువడిన పిమ్మట 60 సంవత్సరములు ఉండును.

దీనిని ఒక ఉదాహరణతో చూతము. మన సంఘములలో నేటికిని పాడబడు కీర్తనలు అనేకము రచించిన పురుషోత్తమ చౌదరిగారు 1890లో మరణించిరి. ఆయన మాటలు ఇప్పుడు అందరివి. వాటిని ఎవరైనను పాడవచ్చును, అచ్చువేయవచ్చును, రేడియోలో వినిపింపవచ్చును. కాని అదే కీర్తనను నిన్నగాక మొన్న ఒక గాయకుడు వాద్యములతో పాడి రికార్డు చేయించినయెడల, ఆ రికార్డుకు హక్కుదారులు వేరుగా నుందురు. బావి ఊరందరిది. కాని ఆ నీటిని తోడి, మోసి, ఒకరు గుమ్మము ముందు దింపిన కడవ వారిది.

ఆరాధనలో పాడుకొనుటకు ఎవరిని అనుమతి అడుగవలెను అని మీలో కొందరు కలవరపడవచ్చును. కలవరపడనక్కరలేదు. యథార్థమైన మత ఆచారములో పాట పాడుట హక్కుల ఉల్లంఘన కాదని ఆ చట్టమే చెప్పుచున్నది. వివాహపు ఊరేగింపులను, వివాహ సంబంధమైన వేడుకలను సహితము అందులో చేర్చిరి. అయితే ఇతరుల రికార్డును తీసికొని ఇంటర్నెట్టులో దినమెల్ల వినిపించుట ఆరాధనలో పాడుటవంటిది కాదు.

పెద్ద రేడియోలకు 2012లో చట్టము ఒక వెసులుబాటు కల్పించెను. రేడియో నడుపువాడు ముందుగా నోటీసు ఇచ్చి, న్యాయాధికారులు నిర్ణయించిన రాయల్టీ కట్టినయెడల, ఒక్కొక్క కంపెనీ గుమ్మము త్రొక్కి బ్రతిమాలనక్కరలేదు. కాని ఈ వెసులుబాటు రేడియోకును టెలివిజనుకును మాత్రమే గాని ఇంటర్నెట్టుకు వర్తింపదని బొంబాయి హైకోర్టు 2019 ఏప్రిల్‌లో తీర్పు చెప్పెను. 2022లో అదే కోర్టులోని ఇద్దరు న్యాయమూర్తుల బెంచి దానిని స్థిరపరచెను. కాబట్టి మన కూకట్‌పల్లి యౌవనస్థునికి నిర్ణీతమైన ధరయు లేదు, నిర్ణీతమైన ద్వారమును లేదు. ప్రతి హక్కుదారునితోను వేరువేరుగా ఒడంబడిక చేసికొనవలెను. కోట్లతో వ్యాపారము చేయు కంపెనీకి అది సాధ్యమే. రాత్రి పది గంటలకు మైకు ముందు కూర్చున్నవానికి అది కొండను మోయుటవంటిది.

నాలుగు సాకులు

ఇట్టి స్థితిలో మనుష్యుని మనస్సు సహజముగా కొన్ని సాకులు వెదకును.

మొదటిది, నేను లాభము పొందుట లేదు అనునది. నిజమే. కాని ఊరందరికి ఉచితముగా అన్నము పెట్టువాడు బియ్యపు కొట్టువానికి వెల ఈయనక్కరలేదా? దానము చేయువాడు తన సొత్తును దానము చేయవలెను. ఇతరుని సొత్తును పంచిపెట్టువాడు ఎంత ఉదారముగా పంచినను, అది అతని దానము కాదు.

రెండవది, ఈ పాటలు అందరి ఫోనులలోను ఉన్నవి గదా అనునది. పలువురు చేయుచున్నారనుట ఒక పనిని న్యాయమైనదిగా చేయదు. గుంపుతోకూడ కీడు చేయరాదని నిర్గమకాండము 23వ అధ్యాయములో హెచ్చరిక కలదు.

మూడవది, కంపెనీలు ధనవంతములు, నా రూపాయి లేకపోయినను వాటికి లోటు లేదు అనునది. ఈ మాటలో కొంత సత్యము ఉన్నట్లు తోచును. కాని పాట వెనుక కంపెనీ మాత్రమే లేదు. సినిమా పాట వ్రాసిన కవియు, రాగము కట్టినవాడును తమ పని నిర్మాతకు అప్పగించిన తరువాత, సామాన్యముగా నిర్మాతయే యజమానుడని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ తరువాత ముప్పది యేండ్లకు పైగా, దేశమంతయు పాడుకొను పాటలు వ్రాసినవారికి ఆ పాటల రాబడిలో సరియైన పాలు దొరకుట కష్టమాయెను. 2012లో చట్టమును సవరించి, వ్రాసినవాడును రాగము కట్టినవాడును రాయల్టీలో తమ పాలును కంపెనీకి వ్రాసి యిచ్చివేయుటకు వీలులేకుండ చేసిరి. కాబట్టి నేడు మనము చెల్లింపక ఎగవేయు రూపాయిలో ఒక పాలు, ఎక్కడనో అద్దె ఇంటిలో వ్రాసికొనుచున్న కవిదై యుండవచ్చును. కళ్లములో నూర్చెడి యెద్దు మూతికి చిక్కము కట్టరాదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను. పౌలు ఆ మాటనే 1 తిమోతి 5:18లో పనివాని జీతమునకు అన్వయించెను. ధాన్యము ఎవరి గాదెకు పోవునను దానితో యెద్దుకు పనిలేదు. అది నడచినది, దానికి మేత కావలెను.

నాలుగవది మిక్కిలి మెత్తనిది, కాబట్టి మిక్కిలి అపాయకరమైనది. ఇది దేవుని పని గదా, దేవుని పనికి వెల అడుగుట తగునా అనునది. దీనికి దావీదు జవాబు చాలును. తెగులు ఆగుటకై బలిపీఠము కట్టవలసి, ఆయన అరౌనా కళ్లమునకు వెళ్లెను. అరౌనా కళ్లమును, ఎద్దులను, కట్టెలకు నూర్చు సామానును ఉచితముగా ఇచ్చెదనని ముందుకు వచ్చెను. రాజైనను దావీదు ఒప్పుకొనలేదు. తనకు ఖర్చులేని బలిని తన దేవునికి అర్పింపనని చెప్పి యాబది తులముల వెండి తూచి యిచ్చెను. ఇచ్చువాడు సంతోషముగా ఇచ్చుచున్నప్పుడే దావీదు వెల చెల్లించెను. ఇయ్యనివానియొద్దనుండి తీసికొని, అది దేవునికొరకే అని మనము చెప్పగలమా?

మన సంఘములలోనే ఇది జరుగుట లేదా? ఒక పల్లెలో కూలి చేసికొను విశ్వాసి తన దుఃఖములోనో సంతోషములోనో ఒక పాట కట్టును. దానిని ఎవరో విని, పట్టణములో రికార్డు చేయింతురు. ఊరూర ఆ పాట మ్రోగును. కట్టినవాని పేరు దానిమీద ఉండదు. అతడు మరల కొడవలి పట్టుకొని పనికి పోవును. చేలు కోసినవారి కూలి బిగబట్టబడి మొరపెట్టుచున్నదని యాకోబు పత్రిక 5వ అధ్యాయములో చదువుచున్నాము. కోతకే కాదు, పాటకును కూలి కలదు.

అడుగువాని ధర్మము

ఇంతవరకు చెల్లించువానితో మాటలాడితిమి. ఇక అడుగువానితోను మాటలాడవలెను. లేనియెడల మన త్రాసు ఒక ప్రక్కకే మొగ్గును.

కొలత అందరికి ఒక్కటే కావలెనా? ధర్మశాస్త్రములో ఒకచోట, నిర్గమకాండము 30:15లో, ధనవంతుడు అరతులముకంటె ఎక్కువ ఈయరాదనియు బీదవాడు తక్కువ ఈయరాదనియు ఉన్నది. కొందరు దీనిని చూపి, ధర అందరికి సమానమే అనవచ్చును. కాని అది ప్రాణములకు చెల్లించు విమోచన ద్రవ్యము. దేవుని యెదుట ఒక ప్రాణము మరియొక ప్రాణముకంటె ఎక్కువది కాదు గనుక అక్కడ సమానత్వము తగినది. అర్పణ మనుష్యుని ఆస్తిలోనుండి రావలసినప్పుడు ధర్మశాస్త్రము వేరు కొలత పట్టెను. లేవీయకాండము 5వ అధ్యాయము చూడుడి. గొఱ్ఱెపిల్లను తేలేనివాడు రెండు గువ్వలను తేవచ్చును. గువ్వలకును శక్తిలేనివాడు కొంచెము గోధుమపిండి తేవచ్చును. బీదవానిని అర్పణనుండి తప్పింపలేదు. అట్లని వానికి అందని గొఱ్ఱెను అడుగనులేదు.

లోకములోని న్యాయాధికారులును ఈ రెండు కొలతల నడుమ తిరుగులాడిరి. మన దేశములో 2002లో కాపీరైటు బోర్డు ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియోలకు పాటలు మ్రోగిన గంటల లెక్కన ధర నిర్ణయించెను. గంటకు ఇంత అన్నప్పుడు, నిండిన గాదెవానికిని ఖాళీ గాదెవానికిని ఒక్కటే కొలత. 2010 ఆగస్టు 25న అదే బోర్డు ఆ పద్ధతి విడిచి, ప్రకటనలవలన వచ్చు నికర ఆదాయములో నూటికి 2 వంతులు మ్యూజిక్ కంపెనీలకు చెల్లింపవలెనని తీర్పిచ్చెను. ఇది పంటలో పాలు వంటిది. పండినవాడు ఎక్కువ కొలుచును, ఎండినవాడు తక్కువ కొలుచును. 2020 డిసెంబరు 31న వేరొక న్యాయస్థానము మరల గంటల లెక్కకు వచ్చెను గాని, పట్టణపు పరిమాణమునుబట్టి ధర మార్చెను.

అమెరికాలో జరిగినదియు వినదగినది. అక్కడ మన తెలుగువారివలెనే అనేక దేశములవారు ఇండ్లలోనుండి ఇంటర్నెట్టు రేడియోలు నడుపుచుండిరి. రాబడిలో కొంత పాలు చెల్లించు ఏర్పాటు చిన్నవారికి 2015 చివరవరకు ఉండెను. అది ముగిసిన తరువాత 2016లో వ్యాపార రేడియోల ధర ఒక్క శ్రోత విను ఒక్క పాటకు 0.0017 డాలరు. వినుటకు ఇది ధూళివలె నున్నది. లెక్క కట్టి చూడుడి. నూరుగురు శ్రోతలు, గంటకు 15 పాటలు, దినమునకు 24 గంటలు అయినయెడల, దినమునకు 36,000 లెక్కలు, అనగా 61 డాలర్లకు పైగా. నెలకు 1,836 డాలర్లు. ప్రభుత్వము గుర్తించిన ధర్మసంస్థలకు వేరు ధర కలదు గాని, ఒంటరిగా నడుపువానికి అది వర్తింపదు. వేలకొలది చిన్న రేడియోలకు ఆశ్రయమై, వాటి తరపున రుసుములు చెల్లించుచుండిన లైవ్365 అను సంస్థ 2016 జనవరి 31న మూతపడెను. పెట్టుబడిదారులు తప్పుకొనుటయు, చిన్నవారి సడలింపు ముగియుటయు దానికి కారణములు. 2017లో అది మరల తెరువబడెను గాని, ఈ నడుమ మూగబోయిన గొంతులు ఎన్నో. ఆ మూగబోయినవాటివలన ఏ కవికి గింజ అదనముగా దొరకెను? చెల్లింపలేని ధర అడుగుట కవికిని మేలు చేయదు.

చేను కోయునప్పుడు అంచులవరకు కోయరాదనియు, మరచిన పన కొరకు వెనుకకు పోరాదనియు యజమానునికి ఆజ్ఞ కలదు. అంచులలోని ధాన్యము యజమానుడు విత్తినదే. అయినను అది బీదవానికిని పరదేశికిని విడువబడవలెను. హక్కు ఉన్నదని చివరి వెన్నువరకు కోసికొనుటను దేవుడు మెచ్చుకొనలేదు. బోయజు చేను రూతు పరిగెవలన పాడుకాలేదు. పాటల యజమానులును ఇట్లే, ఆదాయము లేని చిన్న రేడియోలకు నామమాత్రపు రుసుముతో ఒక అంచు విడువవలెనని మేము తలంచుచున్నాము. చట్టము చేయువారును ఆ అంచును గట్టు వేసి చూపవలెను.

అయితే ఒక సంగతి మరువరాదు. అంచు విడుచుట యజమానుని పని. అతడు విడువలేదని మనమే పనలమీద చేయి వేయుట పరిగె కాదు.

చేయదగినవి

ద్వారము మూయబడియున్నప్పుడు చిన్నవాడు ఏమి చేయవలెను? దీనికి మన మెదకు సీమలోనే ఒక మార్గము చూపబడెను. జహీరాబాదు ప్రాంతములోని మాచనూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యమున, 2008 అక్టోబరు 15న సంగం రేడియో ప్రసారములు ఆరంభించెను. దళిత స్త్రీలు నడిపిన రేడియో అది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనువారు మైకు ముందు కూర్చుండిరి. ఆ రేడియో కొన్ని మైళ్లకు మించి వినబడునది కాదు. వారు పెద్ద కంపెనీల పాటలకొరకు చూడలేదు. నాట్లు వేయునప్పుడు, కలుపు తీయునప్పుడు, తిరుగలి త్రిప్పునప్పుడు తమ తల్లులు పాడిన పాటలను వినిపించిరి. జొన్నలను, విత్తనములను, మందుమొక్కలను గూర్చి తమ మాటలలో మాటలాడుకొనిరి. తమ గాదెలో ధాన్యము ఉన్నదని ఎరిగినవారు అప్పుకు పోనక్కరలేదు.

కాబట్టి మేము ఇట్లు హితవు చెప్పుచున్నాము.

1. మొదట మన సొంత పాటలను వెదకుడి. సంఘములోని వృద్ధులు ఎరిగిన కీర్తనలను, ఊరి పాటలను, మీ గొంతుతోనే పాడి వినిపింపుడి. కాలము తీరిన కవుల మాటలు అందరివి.

2. జీవించియున్నవాని పాటయైనచో అడుగుడి. కాగితముమీద అనుమతి తీసికొనుడి. మన సంఘములలో పాట కట్టినవారు అడిగినయెడల చాలమంది సంతోషముగా ఒప్పుకొందురు. ఒప్పుకొనినను దావీదువలె కొంచెమైనను చేతిలో పెట్టుడి.

3. పాటకు ముందు కట్టినవాని పేరు చెప్పుడి. దీనికి ఖర్చు లేదు. పేరు దాచుటకు సాకును లేదు.

4. ఒంటరిగా మోయలేనిదానిని కలసి మోయుడి. నాలుగు పల్లెలు ఒక పాస్టరేటుగా కూడి ఒక పాస్టరుగారిని పోషించుచున్నవి గదా. చిన్న రేడియోలవారు ఒక సంఘముగా కూడి, ఒక్క ఒడంబడికతో లైసెన్సు అడిగినయెడల, ఒక్కనికి మూయబడిన ద్వారము నూరుగురికి తెరువబడవచ్చును.

5. అనుమతి దొరకనప్పుడు ఆ పాటను విడిచిపెట్టుడి. ఒక పాట మానుకొనుట నష్టమే. కాని రాత్రి కంప్యూటరు ఆర్పి పండుకొనునప్పుడు మనస్సాక్షి నిర్మలముగా ఉండుట దానికంటె గొప్ప లాభము.

చందా పెట్టెలో విధవరాలు వేసిన రెండు కాసులు ఆమెకు భారమే గాని, ఎవరును ఆమెయొద్ద ధనికుని కొలత అడుగలేదు. ఆమెయు, నేను బీదదానను గనుక ఈయనక్కరలేదని అనలేదు. పాట వినిపించువానికి ఆమె మనస్సును, పాట గలవానికి బోయజు మనస్సును కలిగినయెడల, కూలివానికి కూలి దొరకును, పరిగెకు చోటును మిగులును. అట్టి మనస్సు దేవుడు మన బిడ్డలకును మనకును దయచేయును గాక. ఆమేన్.